కాంట్రాస్ట్ ఎంఆర్ఐ: రిపోర్టులో మందు పేరు ఉందా?

నా భార్యకు మెదడును కప్పి ఉండే పొరలో ఏర్పడిన మెనింజియోమా గడ్డకు ఎనిమిదేళ్ల క్రితం శస్త్రచికిత్స జరిగింది. పెద్ద రక్తనాళానికి అంటుకుని ఉన్న చిన్న ముక్కను తీయబోతే ప్రమాదమని న్యూరోసర్జన్ గారు దాన్ని అలాగే వదిలేశారు. అది పెరుగుతోందో లేదో చూసుకోవడానికి మొదటి ఏడాది రెండుసార్లు, ఆ తరువాత ఏడాదికొకసారి కాంట్రాస్ట్ ఎంఆర్ఐ, అంటే గడ్డ స్పష్టంగా కనబడేలా నరంలోకి మందు ఎక్కించి తీసే స్కాను, తీయించమన్నారు. ఆ లెక్కన ఇప్పటికి తొమ్మిది స్కాన్లు అయ్యాయి, మూడు సెంటర్లు మారాము. ముప్పై ఏళ్లు డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి కావడం వల్ల కావచ్చు, యంత్రం అయస్కాంత బలం ఎన్ని టెస్లాలు, కూర్చునే హాలు ఎంత చల్లగా ఉంది అన్న వాటికంటే ఒక ప్రశ్నతోనే ఈ సేవను తూచడం నేర్చుకున్నాను. నరంలోకి ఎక్కించిన మందు పేరు, మోతాదు మన చేతికి వచ్చే కాగితం మీద ఉన్నాయా? గత నెల విజయవాడలో తీయించిన తొమ్మిదవ స్కాను గురించి ఆ ప్రశ్నతోనే ఈ సమీక్ష రాస్తున్నాను. ఏ సెంటరు పేరూ చెప్పడం లేదు, ఎందుకంటే నా ఫిర్యాదు ఒక సంస్థ మీద కాదు, చాలాచోట్ల పాతుకుపోయిన ఒక అలవాటు మీద.

ఈ ప్రశ్న నాకు పుస్తకాలలో దొరకలేదు. రెండేళ్ల క్రితం ఏడవ స్కానుకు మొదటిసారి ఈ సెంటరుకు వచ్చినప్పుడు ఎదురైంది. కాంట్రాస్ట్ ఎక్కించకముందు తీసిన టీ1 అనే రకం ఎంఆర్ఐ చిత్రాలను చూసి రేడియాలజిస్టు గారు నన్ను లోపలికి పిలిపించారు. తెర మీద చిన్నమెదడు లోపల రెండు వైపులా కొద్దిగా తెల్లబారిన వంకర గీతలను వేలితో చూపించి, "గడ్డకూ దీనికీ సంబంధం లేదు మాస్టారూ. తలకు రేడియేషన్ ఏమైనా ఇచ్చారా? ఇదివరకటి స్కాన్లలో ఏ కాంట్రాస్ట్ వాడారు?" అని అడిగారు. రేడియేషన్ ఇవ్వలేదని వెంటనే చెప్పగలిగాను. రెండవ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఫైలులో ఆరు రిపోర్టులున్నాయి. అయిదింటిలో "కాంట్రాస్ట్ ఇచ్చి తీసిన చిత్రాలు" అన్న ముక్క తప్ప మరేమీ లేదు, ఆరవదానిలో "గడోలినియం" అని మాత్రం ఉంది. బిల్లుల మీద "కాంట్రాస్ట్ ఛార్జి" అని రాసి ఉంది. మందుల షాపులో పారాసెటమాల్ కొన్నా బిల్లు మీద కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు అచ్చవుతాయి. అలాంటిది నరంలోకి ఎక్కించిన మందుకు పేరే లేదు. తరువాత ఒక ఉదయం పనిగట్టుకుని మొదటి సెంటరుకు వెళ్లి అడిగితే, కౌంటరులోని అబ్బాయి మర్యాదగానే, "అప్పట్లో ఏ స్టాకు వచ్చిందో ఇప్పుడెలా చెప్పగలం సార్" అన్నాడు. ఆ ఆరు మోతాదులు ఏ మందువో మాకు ఇక ఎప్పటికీ తెలియదు.

దీనికి ఇంత పట్టింపు ఎందుకో చెప్పాలంటే, ఆ మందు ఏమిటో, యంత్రం దానిని ఎలా పసిగడుతుందో కొంచెం వివరించాలి. ఎంఆర్ఐలో వాడే కాంట్రాస్ట్ మందులో అసలు పని చేసేది గడోలినియం అనే లోహం. ఎంఆర్ఐ యంత్రానికి ఆ లోహం కనబడదు. యంత్రం వినేది మన ఒంట్లోని నీటిలో, కొవ్వులో ఉన్న హైడ్రోజన్ కేంద్రకాల సంకేతాన్నే. గడోలినియం అయానులో జతకూడని ఎలక్ట్రాన్లు ఏడు ఉంటాయి. వాటి అయస్కాంత ప్రభావం వల్ల దాని పక్కకు వచ్చిన నీటిలోని ఆ కేంద్రకాలు మామూలుకంటే చాలా త్వరగా కుదుటపడి తమ మొదటి స్థితికి చేరుకుంటాయి. అందువల్ల టీ1 చిత్రంలో ఆ చోటు తెల్లగా మెరుస్తుంది. అంటే మనం చూస్తున్నది మందును కాదు, మందు పక్కకు వచ్చిన నీటిని. మెదడులోని రక్తనాళాల గోడలు సాధారణంగా ఈ మందును బయటకు పోనివ్వవు. మెనింజియోమా గడ్డకు ఆ అడ్డుగోడ లేదు కనుక మందు అందులోకి చేరి గడ్డ అంచులు స్పష్టంగా బయటపడతాయి. నా భార్య తలలో మిగిలిన ఆ చిన్న ముక్క కొలత ఏటేటా సరిగ్గా తెలుస్తున్నది దీని పుణ్యమే. కాంట్రాస్ట్ వద్దని చెప్పడానికి నేను ఈ సమీక్ష రాయడం లేదు.

అయితే విడి గడోలినియం అయాను విషం. దాని పరిమాణం కాల్షియం అయానుకు చాలా దగ్గరగా ఉండడం వల్ల శరీరంలో కాల్షియం చేయవలసిన పనులకు అడ్డుపడుతుంది. అందుకని దానిని ఒక సేంద్రియ అణువుతో గట్టిగా పట్టి ఉంచి, కీలేట్‌గా మార్చి ఇస్తారు. తరగతిలో కీలేట్ల పాఠం చెప్పేటప్పుడు వేడి గిన్నెను పట్టకారుతో పట్టుకున్నట్లని చెప్పేవాణ్ణి; ఇక్కడ పట్టకారులు రెండు రకాలు. ఒకటి రెండు కొసలూ విడిగా ఉండి లోహం చుట్టూ తాడులా చుట్టుకునే రకం. రెండవది వలయంగా మూసుకుని లోహాన్ని పంజరంలో పెట్టినట్లు పట్టుకునే రకం. 1988లో అమెరికాలో అనుమతి పొందిన తొలి గడోలినియం మందు గడోపెంటెటేట్, ఆ తరువాతి గడోడయమైడ్ తాడు రకానికి చెందినవి. గడోటెరేట్, గడోబ్యూట్రోల్, గడోటెరిడాల్ పంజరం రకానివి. తాడు ఊడినంత సులువుగా పంజరం తెరుచుకోదు. మందు శరీరంలో ఎంతకాలం నిలుస్తుందన్న విషయంలో ఈ తేడాయే కీలకం.

మూత్రపిండాలు బాగా పనిచేసే మనిషిలో ఈ మందుల అర్ధాయువు, అంటే ఒంట్లో ఉన్న మందు సగానికి తగ్గడానికి పట్టే సమయం, సుమారు గంటన్నర. తొంభై శాతానికి పైగా ఒక్క రోజులోనే మూత్రం ద్వారా వెళ్లిపోతుంది. రక్తపరీక్షతో ఇంతమట్టుకే కొలిచి, ఇక ఒంట్లో ఏమీ లేదని దాదాపు పాతికేళ్లు వైద్యలోకం అనుకుంది. మూత్రపిండాలు పూర్తిగా పాడైనవారిలో అదే అర్ధాయువు 30 గంటలు దాటవచ్చు. అలాంటి రోగులలో చర్మం, కీళ్లు బిగుసుకుపోయే నెఫ్రోజెనిక్ సిస్టమిక్ ఫైబ్రోసిస్ అనే తీవ్రమైన జబ్బుకు ఈ మందుతో సంబంధం ఉందని 2006లో గుర్తించాక, కిడ్నీ పరీక్ష చూడకుండా కాంట్రాస్ట్ ఇవ్వకూడదన్న నియమం వచ్చింది. అప్పటికీ కిడ్నీలు బాగున్నవారి విషయంలో ఎవరికీ అనుమానం రాలేదు.

అనుమానం తెప్పించింది ఎంఆర్ఐయే. టోక్యోలోని టెయిక్యో విశ్వవిద్యాలయానికి చెందిన తొమొనోరి కాందా, ఆయన సహచరులు 2014లో ప్రచురించిన పరిశోధనలో ఆరు అంతకంటే ఎక్కువసార్లు తాడు రకం కాంట్రాస్ట్ తీసుకున్న 19 మందిని, కాంట్రాస్ట్ లేకుండానే అన్నిసార్లు స్కాన్ చేయించుకున్న 16 మందిని పోల్చారు. మందు ఎక్కించకముందు తీసిన చిత్రాలలోనే మొదటి వర్గంవారి చిన్నమెదడులోని డెంటేట్ న్యూక్లియస్, మెదడు నడుమ ఉన్న గ్లోబస్ పాలిడస్ అనే భాగాలు తెల్లబారి కనిపించాయి. అంతకుముందు ఆ తెల్లదనాన్ని మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే నరాల జబ్బు ముదిరిన గుర్తనీ, రేడియేషన్ ప్రభావమనీ అనుకునేవారు. అంటే పాత మందు వదిలిన జాడను ఏళ్ల తరబడి జబ్బు లక్షణంగా చదివారన్నమాట. 2015లో అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు అటువంటి స్కాన్లు పలుమార్లు చేయించుకుని మరణించిన 13 మంది మెదడు కణజాలాన్ని పరీక్షించి, అందులో గడోలినియం ఉందని నేరుగా కొలిచి చూపారు. 2017లో యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ గడోడయమైడ్‌ను, నరంలోకి ఇచ్చే గడోపెంటెటేట్‌ను వాడుక నుంచి తప్పించింది. అదే ఏడాది డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఈ లోహం మెదడులో, ఎముకలలో, చర్మంలో నెలల నుంచి సంవత్సరాల వరకు మిగిలిపోగలదని, తాడు రకం మందులతో ఎక్కువగా మిగులుతుందని హెచ్చరిక చేర్చింది. కిడ్నీలు బాగున్నవారిలో ఈ శేషం వల్ల నేరుగా హాని కలిగినట్లు రుజువు కాలేదని కూడా ఆ సంస్థ చెప్పింది. ఏడవ స్కాను రోజున ఆ రేడియాలజిస్టు డాక్టరమ్మ గారు నాకు చెప్పిందీ ఇదే: "కంగారు పడవలసిన జబ్బేమీ కాదు. పాత మందు కొంత మిగిలి ఉండవచ్చు. ఏ మందో తెలిసి ఉంటే మాకు ఊహించే పని తప్పేది."

ఇప్పుడు గత నెల స్కాను సంగతి. ఉదయం తొమ్మిదిన్నరకు రమ్మని చెప్పి పదకొండున్నర దాటాక లోపలికి పిలిచారు. ఖాళీ కడుపుతో ఉన్న షుగరు రోగి ఒకాయన పక్క కుర్చీలో నీరసపడిపోవడం చూశాను కనుక దీనిని చిన్న లోపంగా వదిలేయలేను. కౌంటరులో ముందుగా కిడ్నీ పరీక్ష అయిన క్రియాటినిన్ రిపోర్టు అడిగి, తేదీ చూసి, కిడ్నీలు ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ లెక్క కట్టి కేసు షీటులో రాసుకున్నారు. ఆ తరువాత చేసిన పని నాకు అన్నిటికంటే నచ్చింది. మీ బరువెంతమ్మా అని అడిగి రాసుకోకుండా, తూకం యంత్రం ఎక్కించి చూశారు. మోతాదు బరువును బట్టి కదా ఉండేది. నా భార్య ఎనిమిదేళ్లుగా అడిగిన ప్రతిచోటా 58 అనే చెబుతోంది, యంత్రం 62 చూపింది.

మంగళసూత్రం, నల్లపూసలు, మట్టెలు, గాజులు తీసి నా చేతికి ఇచ్చి, ఇంటి నుంచి తెచ్చుకున్న పసుపు కొమ్ము కట్టిన దారాన్ని మెడలో వేసుకుని ఆమె లోపలికి వెళ్లింది. మందు ఎక్కించడానికి నరంలో కాన్యులా అనే సన్నని గొట్టం పెట్టిన నర్సు, "అమ్మగారూ, మందు ఎక్కేటప్పుడు చెయ్యి చల్లబడినట్లు ఉంటుంది, నోరు కాస్త చేదుగా అనిపించవచ్చు. భయపడి తల కదపకండి, ఈ రబ్బరు బల్బు నొక్కితే మేం వచ్చేస్తాం" అని ముందే చెప్పింది. మందు తెరవబోయే ముందు నేను అడగకుండానే టెక్నీషియన్ సీసాను నాకు చూపించాడు. గడోటెరేట్, 15 మిల్లీలీటర్లు, గడువు తేదీ ఇంకా ఏడాదికి పైగా ఉంది. ఈ మందు కిలోకు 0.2 మిల్లీలీటర్ల చొప్పున ఇవ్వాలి కనుక 62 కిలోలకు 12.4 మిల్లీలీటర్లు. అంతే కొలిచి ఇంజెక్టరులోకి తీసుకుని, సీసాలో మిగిలిన రెండున్నర మిల్లీలీటర్లను మరొకరికి వాడకుండా సీసాతో సహా నా కళ్లముందే చెత్తడబ్బాలో వేశాడు. ఆ తరువాత సీసా మీది పీకి అంటించే లేబులును ఒడుపుగా ఊడదీసి కేసు షీటు మీద అతికించాడు. యూరప్‌లో ఈ మందు వాడుక పత్రంలోనే ఆ లేబులును రోగి రికార్డులో అతికించాలని, ఇచ్చిన మోతాదు కూడా రాయాలని స్పష్టంగా ఉంటుంది. చెయ్యడానికి పది సెకన్లు పట్టని పని అది. మేము ఇదివరకు తిరిగిన రెండు సెంటర్లలో ఆ పది సెకన్ల పని ఎవరూ చేయలేదు.

స్కాను ముగిశాక అరగంట కాన్యులా తీయకుండా కూర్చోబెట్టి, దద్దుర్లు, ఆయాసం ఏమీ లేవని చూసుకుని, నీళ్లు బాగా తాగమని చెప్పి పంపారు. చెవిలో పెట్టిన దూది ఆ మోతను ఏమాత్రం ఆపలేదని నా భార్య ఫిర్యాదు. చెవులను కప్పే హెడ్‌ఫోన్లు అందరికీ ఇవ్వాలి.

ఈ సెంటరు కరపత్రంలో "స్పెక్ట్రోస్కోపీ సౌకర్యం కలదు" అని ఉంది. కేంద్రకాల సంకేతాన్ని బట్టి ఒంట్లోని పదార్థాలను గుర్తించే పద్ధతి అది. అయస్కాంత అనునాదంతో ఒంట్లో ఉన్న మందును నేరుగా కొలిచే విద్య ఒకటి ఉందని చదివి ఉన్నాను కనుక ఆశగా అడిగాను. రేడియాలజిస్టు గారు ఓపికగా తేడా చెప్పారు. ఇక్కడ చేసేది హైడ్రోజన్ స్పెక్ట్రోస్కోపీ. అది కోలిన్, క్రియాటిన్ వంటి మెదడులోని సహజ పదార్థాలను చూపి గడ్డ స్వభావాన్ని అంచనా వేయడానికి పనికొస్తుంది, మింగిన మాత్రలను లెక్కగట్టదు. వీణ తీగలాగా ప్రతి కేంద్రకానికి దాని శ్రుతి దానిదే. 1.5 టెస్లా యంత్రంలో హైడ్రోజన్ సుమారు 63.9 మెగాహెర్ట్జ్ దగ్గర, ఫ్లోరిన్ 60.1 దగ్గర, లిథియం 24.8 దగ్గర పలుకుతాయి. మన సెంటర్లలోని యంత్రాలు, సంకేతాన్ని అందుకునే వాటి కాయిల్స్ హైడ్రోజన్‌కే శ్రుతి చేసి ఉంటాయి. కరపత్రం చదివేవారికి ఈ తేడా తెలిసేలా ఒక్క వాక్యం రాస్తే బాగుంటుంది.

నిజానికి మందును నేరుగా కొలిచే ఆ విద్య చాలా అందమైనది. మన మెత్తని కణజాలంలో సహజంగా ఫ్లోరిన్ సంకేతం కనబడేంత ఉండదు. పళ్లలో, ఎముకలలో ఉన్నది ఘనరూపంలో బిగుసుకుని ఉండడం వల్ల వినబడదు. కాబట్టి ఫ్లోరిన్‌కు శ్రుతి చేసి వింటే వినబడేది ఫ్లోరిన్ ఉన్న మందు ఒక్కటే, వెనక మరే రొదా ఉండదు. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వాల్టర్ వుల్ఫ్, ఆయన సహచరులు 1980ల నుంచి క్యాన్సరు మందు ఫ్లోరోయురాసిల్‌ను ఈ పద్ధతిలో రోగుల కాలేయంలో, గడ్డలలో వెంబడించారు. రక్తంలో పది, పదిహేను నిమిషాల అర్ధాయువు ఉన్న ఆ మందు కొందరి గడ్డలలో 20 నిమిషాలకు మించిన అర్ధాయువుతో నిలిచిపోతోందనీ, అలా నిలిచినవారిలోనే మందు ఎక్కువగా పనిచేస్తోందనీ వారు గమనించారు. అక్కడ మందు మిగిలిపోవడం రోగికి మేలు. మా ఇంటి విషయంలో మిగిలిపోవడం చింత. బైపోలార్ జబ్బుకు వాడే లిథియంను మెదడులోనే కొలిచినవారు, అది రక్తంలో ఉన్నదానికంటే సాధారణంగా తక్కువగా ఉంటుందనీ, మనిషిని బట్టి మారుతుందనీ చూశారు. డిప్రెషన్‌కు వాడే ఫ్లూఆక్సిటిన్ విషయంలో ఇందుకు తారుమారు, రక్తంలో కంటే మెదడులో ఎక్కువ. రక్తపరీక్ష ఒక్కటే చూసి మందు ఎక్కడ ఎంత ఉందో చెప్పలేమని ఈ మూడూ వేర్వేరుగా చూపుతున్నాయి. సంకేతం బలహీనం కావడం, ప్రత్యేక పరికరాలు కావలసి రావడం వల్ల ఇవి పరిశోధనశాలలు దాటి మామూలు సేవగా మారలేదు. అందువల్ల మనవంటివారికి అందుబాటులో ఉన్న లెక్క, ఏ మందు ఎప్పుడు ఎంత ఒంట్లోకి వెళ్లిందన్న రాతపూర్వకమైన లెక్కే.

ఆ లెక్కలోనే ఈ సెంటరు కూడా ఒకచోట తప్పింది. సాయంత్రం చేతికి వచ్చిన రిపోర్టులో గడ్డ కొలతలు నిరుటిలాగే ఉన్నాయని, చిన్నమెదడులోని తెల్లదనం పెరగలేదని చదివి ఊపిరి పీల్చుకున్నాక చూస్తే, "గడోటెరేట్" అని మందు పేరు ఉంది కానీ మోతాదు లేదు. కేసు షీటు సెంటరులోనే ఉండిపోతుంది, రోగి వెంట వచ్చేది రిపోర్టు ఒక్కటే. మోతాదు లేని పేరు సగం సమాచారమే, ఎందుకంటే గడోబ్యూట్రోల్ వంటి మందు రెట్టింపు చిక్కగా వస్తుంది, అక్కడ మిల్లీలీటర్లు సగమవుతాయి. ఇటీవలి గడోపిక్లెనాల్‌లో గడోలినియం మోతాదే సగం చాలు. అంగీకార పత్రం విషయంలోనూ నాకు అసంతృప్తి ఉంది. రెండు పేజీల పత్రం పూర్తిగా ఇంగ్లీషులో ఉంది. మందు కొంత శరీరంలో మిగిలిపోవచ్చన్న వాక్యం రెండవ పేజీ అడుగున సన్నని అక్షరాలలో ఉంది. నా ముందున్న పెద్దావిడ దానిమీద వేలిముద్ర వేసింది. టెక్నీషియన్ ఆమెకు తెలుగులో నోటితో చెప్పిన మాట నిజమే, కానీ చెప్పినది కిడ్నీ గురించి, దద్దుర్ల గురించి మాత్రమే. "ఈ మందులోని లోహం కొద్దిగా మీ మెదడులో, ఎముకలలో చాలాకాలం ఉండిపోవచ్చు, దానివల్ల హాని జరిగినట్లు ఇంతవరకు తేలలేదు, పేరు రాసి ఇస్తాం, దాచుకోండి" అని నాలుగు ముక్కలు తెలుగులో అచ్చువేయడం కష్టమైన పని కాదు.

మోతాదు గురించి కౌంటరులో అడిగితే మొదట పెన్నుతో రాసిస్తామన్నారు. అచ్చులోనే కావాలని, మరో సెంటరులోని డాక్టరు పెన్నురాతను నమ్మవలసిన అవసరం ఉండకూడదని చెప్పాను. రేడియాలజిస్టు గారు వచ్చి విని, రిపోర్టు నమూనాలోనే మందు పేరు పక్కన మోతాదుకు ఒక గడి పెట్టించి, ఇరవై నిమిషాలలో కొత్త ప్రతి ఇప్పించారు. నా తరువాత నిలబడ్డ ఆయన రిపోర్టులో కూడా ఆ గడి నిండి ఉండడం పక్క నుంచి చూశాను. ఇంటికి వచ్చాక నా భార్య పాల లెక్క, గ్యాసు లెక్క రాసుకునే డైరీ వెనక అట్ట మీద, ఏడవ స్కాను నుంచి మొదలైన పట్టికలో మూడవ వరుస తన చేత్తో నింపింది: తొమ్మిదవది, గడోటెరేట్, 12.4 మిల్లీలీటర్లు, బరువు 62. దాని పైన మొదటి ఆరింటికి వదిలిన ఆరు వరుసలు ఖాళీగానే ఉన్నాయి.